మూడో గేర్‌బాక్స్ కూడా పోతోందంటే తప్పు ఎక్కడుంది? - పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది ఏడుగురు కూర్చునే ఫ్యామిలీ వ్యాన్, ఆటోమేటిక్. ఇంట్లో పెద్దవాళ్లు, పిల్లలు అందరం కలిసి తిరగడానికని ఇష్టపడి కొనుక్కున్నాం. మొదట్లో సెకండ్ నుంచి థర్డ్‌కి మారేటప్పుడు ఇంజిన్ ఊరికే రేజ్ అయ్యేది, తర్వాత ఒకరోజు డ్రైవ్‌లో పెట్టినా కదలకుండా రోడ్డు మీదే ఆగిపోయింది. రీబిల్డ్ చేసిన గేర్‌బాక్స్ వేయించాం. ఏడాది తిరక్కుండానే అదీ పోయింది. వారంటీలో ఇంకోటి వేశారు. ఇప్పుడు దానికీ అదే జబ్బు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది, అరగంట నడిచి వేడెక్కాక జారుతోంది, రివర్స్‌లో పెడితే రెండు మూడు సెకన్లు ఆగి ఢక్కుమని పడుతోంది. మెకానిక్ ఇంకో గేర్‌బాక్స్ మార్చాలంటున్నాడు. మా ఆయన బండి అమ్మేద్దామంటున్నారు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని హైవే ఎక్కాలంటేనే టెన్షన్‌గా ఉంది. మేం నడిపే తీరులోనే తప్పుందా? ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందుగా ఒక్క మాట. నాలుగో గేర్‌బాక్స్‌కి ఇప్పుడే ఒప్పుకోకండి. మొదటిది పోయిందంటే వయసైపోయిందనుకోవచ్చు. రెండోది, మూడోది కూడా అదే లక్షణాలతో పోతున్నాయంటే, మారిన పెట్టెల్ని కాదు, మారకుండా బండిలోనే ఉండిపోయిన వాటిని అనుమానించాలి. బహుశా రేడియేటర్ మారి ఉండదు, కూలర్ పైపులు మారి ఉండవు, వైరింగ్ మారి ఉండదు, ఇంజిన్ సెన్సర్లు మారి ఉండవు, పోసే ఆయిల్ రకం మారిందో లేదో మీకు ఎవరూ చెప్పి ఉండరు. వీటిలో ఏదో ఒకటి గేర్‌బాక్స్‌ని లోపల్నుంచి తినేస్తూ ఉండొచ్చు. అది దొరకనంత వరకు ఎంత మంచి గేర్‌బాక్స్ వేసినా దాని గతీ అంతే.

ఇది ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో అర్థం కావాలంటే లోపల ఏం జరుగుతుందో కాస్త తెలియాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో గేర్ మార్చేది ఆయిల్ ప్రెజర్. లోపల పల్చటి క్లచ్ ప్లేట్లు కట్టలు కట్టలుగా ఉంటాయి, ఏ గేర్ కావాలంటే ఆ కట్టను ఆయిల్ ప్రెజర్‌తో నొక్కి పట్టిస్తుంది. ఆ ప్రెజర్‌ని వాల్వ్ బాడీలోని (ఆయిల్ దారులు, వాల్వులు ఉండే భాగం) సొలెనాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు, అదుపు చేస్తాయి, వాటికి కంప్యూటర్ ఆజ్ఞలిస్తుంది. అదే ఆయిల్ గేర్లకు తడి ఇస్తుంది, అదే వేడిని బయటికి మోసుకెళ్తుంది. ప్రెజర్ కొంచెం తగ్గిందనుకోండి, ప్లేట్లు గట్టిగా పట్టవు, జారతాయి. జారితే వేడి, ఆ వేడికి ప్లేట్ల మీది పూత కాలి పొడిగా రాలుతుంది, ఆ పొడి వాల్వ్ బాడీలోని సన్నని దారుల్లో చేరి వాల్వుల్ని బిగుసుకుపోయేలా చేస్తుంది, దాంతో ప్రెజర్ ఇంకా తగ్గుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు. మీ బండి చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారడం కూడా ఈ కథలోదే. వేడికి ఆయిల్ పల్చబడుతుంది, ఎక్కడ కొంచెం కారే సందున్నా ప్రెజర్ అక్కడే పోతుంది. రివర్స్ ఆలస్యంగా పడటానికి ఎక్కువగా కనిపించే కారణం కూడా ప్రెజర్ చాలకపోవడం లేదా ఆయిల్ మట్టం తక్కువ ఉండటమే.

ఇక అసలు అనుమానితుల దగ్గరికి వద్దాం. నన్నడిగితే మొదటి పేరు కూలర్. గేర్‌బాక్స్ ఆయిల్ పైపుల గుండా వెళ్లి, చాలా బండ్లలో రేడియేటర్ లోపలే ఉండే చిన్న కూలర్‌లో చల్లబడి తిరిగి వస్తుంది. మొదటి గేర్‌బాక్స్ కాలిపోయినప్పుడు రాలిన లోహపు పొడి, ప్లేట్ల పూత అంతా ఆ కూలర్‌లోకి చేరి కూర్చుంటుంది. కొత్త గేర్‌బాక్స్ బిగించి స్టార్ట్ చేయగానే ఆ చెత్తలో కొంత తిరిగి వచ్చి కొత్తదాని వాల్వుల్లో పడుతుంది, మిగిలింది దారికి అడ్డంగా ఉండి ఆయిల్‌ని సరిగా పారనివ్వదు, అంటే కొత్త గేర్‌బాక్స్ మొదటి రోజు నుంచే మురికి ఆయిల్‌తో, ఎక్కువ వేడితో పని చేస్తుంది. ఇలాంటిది వారాల్లోనో నెలల్లోనో మళ్లీ జారడం మొదలుపెడితే ఆశ్చర్యమేముంది. కూలర్‌ని ఫ్లష్ చేశామని చాలామంది చెబుతారు. లోపల వంకర రేకులుండే కూలర్లలో ఎంత ఫ్లష్ చేసినా లోహపు నలుసులు పూర్తిగా రావు. గేర్‌బాక్స్ లోపల కాలి పోయిన బండికి నా ఉద్దేశంలో కూలర్ మార్చడమే మంచిది, అది రేడియేటర్‌లోనే ఉంటే రేడియేటర్ మార్చడమే. గేర్‌బాక్స్ ఖర్చుతో పోలిస్తే అది చిన్నది. మీ రెండు మార్పుల్లో కూలర్ మార్చారా, కనీసం ఎంత పారుతోందో చూశారా అని అడగండి. చూడటం కష్టమేమీ కాదు. ఆయిల్ బాగా వేడెక్కాక తిరిగొచ్చే పైపు విప్పి గిన్నెలోకి పెట్టి, ఐడిలింగ్‌లో ఎంత వస్తుందో కొలుస్తారు. చాలా బండ్లకు 20 సెకన్లలో దాదాపు ఒక లీటరు రావాలన్నది వర్క్‌షాపుల్లో వాడే లెక్క, మీ బండి సర్వీస్ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే పాటించాలి. సన్నగా ధార కడితే దొంగ దొరికినట్టే. ఈ పని ఆయిల్ తగ్గిపోకుండా చూసుకుంటూ మెకానిక్ చేయాల్సిందే, ఇంట్లో ప్రయత్నించొద్దు.

కూలర్ విషయంలోనే ఇంకో ప్రమాదం ఉంది. రేడియేటర్ లోపలి కూలర్‌కి పగులు వస్తే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, వచ్చి గేర్‌బాక్స్ ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు ఆయిల్ పాలు కలిపినట్టు గులాబీ రంగులో నురగగా కనిపిస్తుంది. కూలెంట్‌లోని నీళ్లు, గ్లైకాల్ అనే రసాయనం కలిసిన ఆయిల్‌లో క్లచ్ ప్లేట్ల పూత ఉబ్బి, అతుకు వదిలి ఊడొస్తుంది. అది ఒక్కసారి జరిగితే ఆయిల్ మార్చినంత మాత్రాన ఆ గేర్‌బాక్స్ బతకదు. రేడియేటర్ అలాగే ఉంచి గేర్‌బాక్స్ ఒక్కటే మారిస్తే తర్వాతిదీ అలాగే పోతుంది. డిప్‌స్టిక్ ఉన్న బండి అయితే తెల్లటి గుడ్డ మీద తుడిచి చూడండి. ఎర్రగా పారదర్శకంగా ఉంటే మంచిది, గోధుమ రంగుకి తిరిగి మాడు వాసన వస్తే లోపల కాలుతోంది, గులాబీ నురగ కనిపిస్తే బండి ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకుండా ట్రక్కు మీద వర్క్‌షాపుకి పంపండి.

రెండోది ఆయిల్ రకం. దీన్ని చాలా తేలిగ్గా తీసుకుంటారు, నాకు కోపం వచ్చేది కూడా ఇక్కడే. "అన్ని బండ్లకూ పనికొస్తుంది" అని రాసున్న డబ్బా తెచ్చి పోసేస్తారు. ప్రతి గేర్‌బాక్స్‌లోని క్లచ్ పూతా ఒక రకం ఆయిల్‌కి తగ్గట్టు తయారవుతుంది. ఆ ఆయిల్‌లో ఎంత జారుడు ఉండాలి, ఎంత పట్టు ఉండాలి అన్నది లెక్కగట్టి, కంప్యూటర్ ప్రెజర్లు కూడా దానికే సరిపెడతారు. ఇందుకు మినీవ్యాన్ల చరిత్రలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికా కంపెనీ క్రైస్లర్ 1989 మోడల్ నుంచి తన మినీవ్యాన్లలో ఏ604 అనే నాలుగు గేర్ల ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌మిషన్ పెట్టింది, దాన్నే అల్ట్రాడ్రైవ్ అన్నారు. అది తన అరుగుదలను తానే గమనించుకుంటూ గేర్ మార్చే తీరును దిద్దుకునే రకం, ఆ రోజుల్లో చాలా కొత్త సంగతి. దానికి ఏటీఎఫ్+3 అనే సొంత ఆయిల్ కావాలి (ఏటీఎఫ్ అంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్). చాలా చోట్ల మామూలుగా దొరికే డెక్స్‌రాన్ పోశారు. వణుకు, జారుడు, పదే పదే రిపేర్లు. డిజైన్‌లో మొదట్లో లోపాలున్న మాటా నిజమే, కానీ తప్పు ఆయిల్ వాటికి తోడై ఎన్నో కుటుంబాలను ఇబ్బంది పెట్టింది. ఇప్పటికీ ఆ పాఠం మారలేదు. చాలా హోండాలకి డీడబ్ల్యూ-1, చాలా టొయోటాలకి డబ్ల్యూఎస్, చాలా క్రైస్లర్లకి ఏటీఎఫ్+4, ఇలా ఎవరిది వారికి ఉంటుంది. మీ బండి మాన్యువల్లో ఏ పేరుందో చూసి, బిల్లు మీద అదే పేరు ఉందో లేదో చూడండి. బిల్లులో ఊరికే "గేర్ ఆయిల్" అని రాసి ఉంటే అడిగి తీరండి.

మట్టం సంగతి కూడా చెప్పాలి. ఇంజిన్ ఆయిల్ చూసినట్టు దీన్ని చూస్తే తప్పు లెక్క వస్తుంది. కొన్నింటికి ఇంజిన్ నడుస్తుండగా చూడాలి, హోండా లాంటి కొన్నింటికి వేడెక్కాక ఇంజిన్ ఆపి వెంటనే చూడాలి, డిప్‌స్టిక్కే లేని బండ్లలో ఆయిల్ ఫలానా ఉష్ణోగ్రతకు వచ్చాక కింద బోల్టు విప్పి చూస్తారు. లీటరు తక్కువైతే పంపు గాలి పీల్చి ప్రెజర్ పడిపోతుంది. ఎక్కువైతే గేర్లు చిలికి నురగ చేస్తాయి, దాని ఫలితమూ అదే.

మూడో అనుమానితుడు ఇంజిన్ వైపు ఉంటాడు, ఇది చాలామంది మెకానిక్‌లకు కూడా తట్టదు. గేర్‌బాక్స్ ప్రెజర్ ఎంత పెట్టాలో కంప్యూటర్ నిర్ణయించేది ఇంజిన్ మీద లోడ్ ఎంతుందో చూసి. ఆ లోడ్ తెలిసేది గాలి కొలిచే సెన్సర్, త్రాటిల్ సెన్సర్ లాంటి వాటి వల్ల. గాలి కొలిచే సెన్సర్ మురికి పట్టి అసలు కంటే తక్కువ చెబుతోందనుకోండి, ఏడుగురు ఎక్కి ఏసీ వేసుకుని ఎత్తు ఎక్కుతున్నా కంప్యూటర్‌కి బండి ఖాళీగా వెళ్తున్నట్టే లెక్క, ప్రెజర్ తక్కువ పెడుతుంది, క్లచ్‌లు జారి కాలతాయి. కొత్త గేర్‌బాక్స్ వేసినా ఆ సెన్సర్ అదే అబద్ధం చెబుతూ ఉంటుంది. ఎర్త్ వైర్లు తుప్పు పట్టినా, బ్యాటరీ టెర్మినల్ వదులైనా, ఆల్టర్నేటర్‌లో డయోడ్ చెడినా స్పీడ్ సెన్సర్ల సంకేతాలు చెదిరి గేర్లు తప్పుతాయి. ఇవన్నీ కొద్ది ఖర్చుతో బాగయ్యేవి, వీటిని చూడకుండా గేర్‌బాక్స్ దించడం అన్యాయం.

కంప్యూటర్ మాట వచ్చింది కాబట్టి ఇదీ అడగండి. కొత్త గేర్‌బాక్స్ వేశాక పాత అడాప్షన్ చెరిపి మళ్లీ నేర్పించారా? అరిగిపోయిన పాతదాని కోసం కంప్యూటర్ నేర్చుకున్న లెక్కల్ని కొత్తదాని మీద ప్రయోగిస్తే గేర్లు ఢక్కుమని పడటమో సాగదీసి జారడమో జరుగుతుంది. స్కానర్‌తో నిమిషాల్లో అయ్యే పని, ఆ తర్వాత చెప్పిన పద్ధతిలో కొంత దూరం నడపాలి.

బిగించడంలో జరిగే తప్పులు వేరే. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య రెండు చిన్న డోవెల్ పిన్నులుంటాయి, రెంటినీ ఒకే వరసలో కూర్చోబెట్టేవి. దించేటప్పుడు అవి పడిపోయి, మళ్లీ పెట్టకుండా బోల్టులు బిగించేస్తే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే గుండ్రటి భాగం) వెంట్రుకవాసి పక్కకి తిరుగుతుంది, ముందు పంపు బుష్ అరుగుతుంది, సీల్ కారుతుంది, మూడు పెట్టెలు మార్చినా మూడింటికీ అదే. కన్వర్టర్ పూర్తిగా లోపలికి కూర్చోకుండా బిగిస్తే పంపు అక్కడికక్కడే విరుగుతుంది. పాత కన్వర్టర్‌నే కొత్త గేర్‌బాక్స్‌కి తగిలిస్తే దాని కడుపులోని పాత చెత్తంతా కొత్తదాంట్లోకే వస్తుంది, పైకి ఎంత కడిగినా లోపల శుభ్రం కాదు కాబట్టి అది కూడా మారాల్సిందే.

ఇన్ని కారణాల్లో మీది ఏది అని ఎలా తెలుసుకోవాలి? నేను మొదట చూసేది వేసినప్పటి నుంచి చెడేదాకా ఎంత కాలం పట్టిందన్నది. వర్క్‌షాపు నుంచి బండి బయటికి తీసిన రోజో, ఆ వారంలోనో పోతే బిగించడంలో తప్పు. కొన్ని నెలల్లో జారడం మొదలైతే కూలర్, ఆయిల్ రకం, మట్టం, సెన్సర్లు, కన్వర్టర్, వీటిలో ఏదో ఒకటి. రెండు మూడేళ్లు చక్కగా నడిచి పోతే అప్పుడు వేడి, వాడకం, డిజైన్ బలహీనత అనుకోవాలి. మీ రెండోది ఏడాది తిరక్కుండా పోయింది, మూడోది కూడా వేడెక్కాకే జారుతోంది. ఇంత దూరం నుంచి తీర్పు చెప్పలేను గానీ, నేనైతే కూలర్‌తోనే మొదలుపెడతాను, ఆ వెంటనే ప్రెజర్ గేజ్ పెట్టించి చల్లగా ఒకసారి, వేడెక్కాక ఒకసారి అంకెలు రాయిస్తాను. వేడిలో ప్రెజర్ బాగా పడిపోతోందంటే లోపల కారుతోందో పంపు బలహీనమైందో తెలుస్తుంది. ప్రెజర్ సరిగ్గా ఉండి కూడా జారుతుంటే క్లచ్‌లు అప్పటికే కాలిపోయాయని అర్థం. స్కానర్ కోడ్లు కూడా కాగితం మీద రాసిమ్మనండి. పీ0700 అంటే గేర్‌బాక్స్ కంప్యూటర్‌లో ఏదో కోడ్ ఉందన్న కబురు మాత్రమే, దాన్ని చూపించి గేర్‌బాక్స్ మార్చాలంటే ఒప్పుకోవద్దు. పీ0730 అంటే గేర్ నిష్పత్తి కుదరడం లేదని, అంటే జారుతోందని. పీ0741 లాకప్ క్లచ్ (టార్క్ కన్వర్టర్‌ని లాక్ చేసేది) సరిగా పట్టడం లేదన్నదానికి, పీ0715 ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ లైనుకు సంబంధించింది. చివరిది ఒక్క సెన్సరో వైరో మారిస్తే పోవచ్చు.

డిజైనే బలహీనమైన బండ్లు లేవా అంటే ఉన్నాయి, దాచాల్సిన పనిలేదు. అమెరికాలో హోండా 1999 నుంచి 2001 దాకా వచ్చిన ఒడిస్సీ మినీవ్యాన్ల ట్రాన్స్‌మిషన్‌కి వారంటీని 7 ఏళ్లు లేదా లక్ష మైళ్లకు పెంచాల్సి వచ్చింది. 2004లో దాదాపు 11 లక్షల బండ్లను వెనక్కి పిలిచింది, వాటిలో 2002-2004 ఒడిస్సీలున్నాయి. రెండో గేర్ విపరీతంగా వేడెక్కి పళ్లు విరిగితే గేర్‌బాక్స్ బిగుసుకుపోయే ప్రమాదం ఉండటమే కారణం. తక్కువ తిరిగిన బండ్లకు ఆ గేర్ మీదికి ఆయిల్ చిమ్మే చిన్న ఏర్పాటు చేశారు, ఎక్కువ తిరిగినవాటిలో గేర్ రంగు మారిందేమో చూసి, మారితే మొత్తం గేర్‌బాక్సే మార్చారు. చూడండి, అంత పెద్ద కంపెనీ కూడా చివరికి చేసింది గేర్‌కి ఆయిల్ అందేలా చూడటమే. ఇలాంటి మోడల్ మీదైతే రీబిల్డ్ చేసేవారిని ఒక్క ప్రశ్న అడగాలి: పాత బలహీన భాగానికి బదులు తర్వాత వచ్చిన సవరించిన భాగం వేశారా, లేక పాత రకమే కొత్తది వేశారా? రెండోదైతే మీరు కొనుక్కుంటున్నది అదే జబ్బుని. మీ బండి ఛాసిస్ నంబర్‌తో కంపెనీ రీకాల్ ఏదైనా పెండింగ్ ఉందేమో కూడా వెంటనే చూసుకోండి, ఉంటే అది ఉచితం.

మీ నడిపే తీరు సంగతి. నిండుగా మనుషుల్ని, సామాన్లని ఎక్కించుకున్న వ్యాన్ ఎత్తు రోడ్ల మీద నెమ్మదిగా కదిలేటప్పుడు టార్క్ కన్వర్టర్ లాక్ కాకుండా ఆయిల్‌ని చిలుకుతూ ఉంటుంది, ఎక్కువ వేడి అక్కడే పుడుతుంది. అలాంటప్పుడు ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేర్) ఆపేసి కింది గేర్‌లో నడపండి, గేర్లు పైకీ కిందికీ వెతుక్కోవడం తగ్గుతుంది. వెనక్కి వస్తున్న బండి పూర్తిగా ఆగకుండా డ్రైవ్‌లోకి తోయొద్దు. ముందు చక్రాలకి రెండు వేర్వేరు అరుగుదల ఉన్న టైర్లు వేయొద్దు, రెండు చక్రాల్నీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే లోపలి డిఫరెన్షియల్ ఆగకుండా పని చేయాల్సొస్తుంది. ఇంతకు మించి మీ మీద నింద వేసుకోకండమ్మా. కుటుంబం కోసం తయారైన బండి కుటుంబాన్ని మోసినందుకు పాడైందంటే తప్పు కుటుంబానిది కాదు.

అమ్మాలా, ఉంచాలా? మూడోది వారంటీలో వేసింది కాబట్టి ముందు ఆ కాగితం తీయండి. వారంటీ రెండో రిపేరు తేదీ నుంచా, మొదటి దాని నుంచా, విప్పి బిగించే కూలీ కూడా అందులో ఉందా, ఇవి చూసి, మెకానిక్‌తో నోటి మాటలు కాకుండా రాతలో మాట్లాడండి. పైన చెప్పిన పరీక్షల ఫలితాలు కాగితం మీద అడగండి. ఇవ్వనంటే, గేర్‌బాక్స్‌ల పనే చేసే ఇంకొకరి దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. కారణం కూలర్, ఆయిల్, వైరింగ్ లాంటిదై, మిగతా బండి గట్టిగా ఉంటే ఉంచుకోవచ్చు, కూలర్ మార్చి, బయట అదనంగా ఇంకో ఆయిల్ కూలర్, లోహపు నలుసులు పట్టే ఫిల్టర్ వేయించి, సరైన ఆయిల్‌తో గేర్‌బాక్స్ ఒకసారి సరిగ్గా చేయించండి. కారణం ఎవరూ చూపించలేకపోయినా, సవరించిన భాగాలు దొరకని బలహీన మోడల్ అయినా, మీ ఆయన మాటే సరైనది, అయితే కొనేవారికి జబ్బు చెప్పే అమ్మండి. తేలేదాకా మాత్రం పిల్లలతో హైవే వద్దు. వేగంగా వెళ్తున్నప్పుడు వెనక బండ్ల ముందు ఒక్కసారి లాగుడు పోవడం చిన్న విషయం కాదు.

ప్రశ్న: మా వ్యాన్ లక్షన్నర కిలోమీటర్లు తిరిగింది. గేర్‌బాక్స్ ఆయిల్ ఒక్కసారీ మార్చలేదు, "జీవితాంతం ఉంటుంది" అని అమ్మినప్పుడు చెప్పారు. ఇప్పుడు మారిస్తే పోతుందని ఒకరు, మార్చకపోతే పోతుందని ఒకరు అంటున్నారు.

జవాబు: ఆయిల్‌కి జీవితాంతం అనేది ఉండదు. వేడికి ఏ ఆయిలైనా పాడవుతుంది, ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగేకొద్దీ అది పాడయ్యే వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది ఇంజినీర్లు వాడే మోటు లెక్క. మారిస్తే పోతుందన్న భయం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, చాలామంది అప్పటికే జారడం మొదలయ్యాక, ఆఖరి ఆశగా మారుస్తారు. పోవాల్సింది ఎలాగూ పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మీ బండి గేర్లు ఇప్పుడు బాగా పడుతున్నాయంటే మార్చండి, కానీ మెషిన్‌తో ఒత్తిడి పెట్టి ఫ్లష్ చేయించొద్దు. కింద బోల్టు విప్పి దిగినంత దింపి, అంతే కొత్తది పోయించండి. ఒక్కసారికి మొత్తంలో సగం కంటే తక్కువే దిగుతుంది, మిగతాది కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ప్రతిసారీ 40 శాతం మారుతుందనుకుంటే, కొన్ని వారాల ఎడంతో మూడుసార్లు చేస్తే 78 శాతం దాకా కొత్త ఆయిల్ అవుతుంది. దింపిన ఆయిల్‌లో, గేర్‌బాక్స్ అడుగున ఉండే పాన్‌లోని అయస్కాంతం మీద ఏముందో చూడండి. నల్లటి మెత్తని పేస్టు మామూలే. మెరిసే పెచ్చులు, లోహపు ముక్కలు కనిపిస్తే లోపల విరుగుతోంది, ఆయిల్ డబ్బు దండగ.

ప్రశ్న: 60-80 కిలోమీటర్ల వేగంలో నిదానంగా వెళ్తుంటే బండి గరుకు రోడ్డు మీద పోతున్నట్టు కొద్ది సెకన్లు వణుకుతుంది, యాక్సిలరేటర్ కొంచెం నొక్కితే పోతుంది. గేర్‌బాక్స్ దింపాలంటున్నారు, నిజమేనా?

జవాబు: తొందరపడకండి. మీరు చెప్పింది టార్క్ కన్వర్టర్‌లోని లాకప్ క్లచ్ పట్టుకుంటూ వదిలేస్తూ ఉంటే వచ్చే వణుకు లాగే ఉంది. ఇంకో చిన్న పరీక్ష చేయండి, వణుకు వచ్చినప్పుడు యాక్సిలరేటర్ తీయకుండా ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ని లైట్ వెలిగేంత మాత్రం తాకండి. ఖాళీ రోడ్డు మీదే సుమా. చాలా బండ్లలో బ్రేక్ తగలగానే లాకప్ విడిపోతుంది, వణుకు కూడా అప్పుడే ఆగిపోతే అనుమానం నిజమే. అప్పుడు ముందు సరైన ఆయిల్‌తో మార్పించి చూడండి, చాలా బండ్లలో దాంతోనే తగ్గుతుంది. తగ్గకపోతే సొలెనాయిడ్ లేదా కన్వర్టర్. బ్రేక్ తాకినా వణుకు ఆగకపోతే ఇంజిన్‌లో మిస్‌ఫైర్ ఉందేమో, స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూపించండి, రెండూ ఒకేలా అనిపిస్తాయి. ఈ వణుకును నెలల తరబడి భరిస్తూ నడిపితే మాత్రం లాకప్ క్లచ్ పొడి మొత్తం గేర్‌బాక్స్‌లో తిరుగుతుంది.

ప్రశ్న: దారిలో ఆటోమేటిక్ వ్యాన్ ఆగిపోతే న్యూట్రల్‌లో పెట్టి తాడు కట్టి లాక్కెళ్లొచ్చా?

జవాబు: వద్దు. గేర్‌బాక్స్ లోపలి ఆయిల్ పంపుని తిప్పేది ఇంజిన్. ఇంజిన్ ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి గేర్లు, బేరింగులు ఆయిల్ అందకుండా పొడిగా తిరుగుతాయి, చిన్న లోపంతో ఆగిన గేర్‌బాక్స్ వర్క్‌షాపు చేరేసరికి పెద్దదే అవుతుంది. చదును ట్రక్కు మీద ఎక్కించడం అన్నిటికంటే మంచిది. అది దొరకకపోతే ఇంజిన్ తిప్పే చక్రాలు, అంటే చాలా వ్యాన్లలో ముందువి, నేల నుంచి పైకి లేపి లాగాలి, హ్యాండ్ బ్రేక్ వదిలేశారో లేదో చూసుకోవాలి. నాలుగు చక్రాలకూ లాగుడు ఉన్న వ్యాన్ అయితే చదును ట్రక్కు తప్ప ఇంకో దారి లేదు.